ప్రతిజ్ఞ అయ్యాక తరగతిలో ఏం జరగాలి: పిల్లల నడవడిని తీర్చే పనిని ఏడాది పొడవునా ఎలా నడపాలి

ప్రతి ఉదయం మన బడుల్లో ప్రార్థన సమయాన ఒక అమ్మాయో అబ్బాయో ముందుకు వచ్చి, చేయి చాచి, ప్రతిజ్ఞ చెప్పిస్తారు. అందులో ‘ప్రతివారితోను మర్యాదగా నడచుకొంటాను’ అనే చిన్న వాక్యం ఉంది. ఆ ప్రతిజ్ఞ తెలుగులో పుట్టినదే. నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు విశాఖపట్నంలో ఖజానా అధికారిగా పనిచేస్తూ 1962లో దాన్ని రాశారు. తర్వాత అది దేశమంతటా బడుల్లోకీ పాఠ్యపుస్తకాల మొదటి పేజీల్లోకీ చేరింది. పిల్లలు పదేళ్లపాటు దాన్ని రోజూ పలుకుతారు. అయితే ఆ వాక్యం పలికిన ఐదు నిమిషాలకే, వరుస తప్పిన పిల్లవాడి మీద ‘ఒరేయ్ గాడిదా, కళ్లు నెత్తికెక్కాయా’ అని ఒక పెద్ద గొంతు వినబడితే, వాడు ఆ రెండింటిలో దేన్ని నిజమని నమ్ముతాడో మనందరికీ తెలుసు.

చాలా ఏళ్లు ఉపాధ్యాయుడిగా గడిపిన మీదట నాకు స్థిరపడిన నమ్మకం ఒకటి ఉంది. పిల్లల గుణశీలం నీతిపాఠంతో ఏర్పడదు; పరీక్ష ఎలా పెడుతున్నాం, అన్నం వరుస ఎలా నిలబెడుతున్నాం, తప్పు చేసినవాణ్ణి ఏం చేస్తున్నాం అనే రోజువారీ పద్ధతుల్లోంచే అది వాళ్లకు అలవడుతుంది. అందుకే ఈ వ్యాసంలో నీతికథలు లేవు, ఏ వారం ఏం చేయాలో మాత్రమే ఉంది. ఆరు నుంచి పదో తరగతి వరకు ఏదో ఒక తరగతి బాధ్యత మీ మీద ఉంటే, జూన్‌లో బడి తెరిచిన రోజు నుంచి ఏప్రిల్ చివరిదాకా ఈ పనులను ఒకదాని వెంట ఒకటి మొదలుపెట్టవచ్చు. దీనికి హెడ్మాస్టరు గారి అనుమతి చాలు, ప్రత్యేక నిధులేవీ అక్కరలేదు.

చదువు దేనికోసమో ముందు మీకు మీరు తేల్చుకోండి

పని మొదలుపెట్టే ముందు ఒక సాయంత్రం కూర్చుని, మీ తరగతి పిల్లలు బడి వదిలి వెళ్లేనాటికి ఎలాంటి మనుషులై ఉండాలని కోరుకుంటున్నారో అర పేజీలో రాసుకోండి. అమ్మానాన్నలను అడిగితే మంచి ఉద్యోగం అంటారు. ఆ కోరికను చిన్నచూపు చూడకండి. కూలి పనికి వెళ్లి బిడ్డను చదివించే తల్లి ముందు ‘చదువు ఉద్యోగం కోసం కాదమ్మా’ అనడం కడుపు నిండినవాళ్లు మాట్లాడే మాట. బతుకుతెరువు చూపడం చదువు లక్ష్యాల్లో నిజమైనదే, కాకపోతే ఒక్కటే కాదు.

మిగిలిన లక్ష్యాలు మన చట్టంలోనే ఉన్నాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పాఠ్యప్రణాళిక ఎలా ఉండాలో చెబుతూ రాజ్యాంగ విలువలు, పిల్లల సర్వతోముఖాభివృద్ధి, భయం, ఆందోళన లేని బోధన, తన అభిప్రాయాన్ని స్వేచ్ఛగా చెప్పగలిగేలా బిడ్డకు సాయపడటం వంటివాటిని వరుసగా పేర్కొంది. రాజ్యాంగంలోని 51ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతావాదాన్ని, ప్రశ్నించి తెలుసుకునే తత్వాన్ని పెంచుకోవడం పౌరుల విధి అంటుంది. డి.ఎస్. కొఠారి అధ్యక్షతన 1964–66లో పనిచేసిన విద్యా కమిషన్ నైతిక విలువల కోసం వారానికి ఒకటి రెండు పీరియడ్లు కేటాయించమని సూచిస్తూనే, విలువల స్పృహ మొత్తం పాఠ్యప్రణాళికలోనూ బడి కార్యక్రమాలన్నిటిలోనూ వ్యాపించి ఉండాలని కూడా చెప్పింది. మనం మొదటి సూచనను గుర్తుంచుకుని రెండోదాన్ని వదిలేశాం. ఆ పీరియడ్ సైతం చాలాచోట్ల సిలబస్ పూర్తికాని సబ్జెక్టుకే పోతోంది.

ఆ రెండో సూచనే అసలైనదని నేను ఎందుకు అంటున్నానంటే, దానికి గట్టి ఆధారం ఒకటి ఉంది. అమెరికాలో హ్యూ హార్ట్‌షోర్న్, మార్క్ మే అనే పరిశోధకులు సుమారు 11 వేల మంది బడిపిల్లల నిజాయితీని రకరకాల సందర్భాల్లో పరీక్షించి, 1928–30 మధ్య ఫలితాలను ప్రచురించారు. ఒక సందర్భంలో నిజాయితీగా ఉన్న పిల్లవాడు ఇంకో సందర్భంలో మోసం చేయడం, నీతిబోధ ఎక్కువగా విన్నందువల్ల నడవడిలో పెద్ద తేడా రాకపోవడం వాళ్లు గమనించారు. చాలామంది దీన్ని చదివి నిరాశ పడ్డారు కానీ, నాకు మాత్రం ఇందులో ఉపాధ్యాయుడు చేయగలిగిన పని స్పష్టంగా కనబడింది. నిజాయితీ ఒక్కో సందర్భానికి ఒక్కోలా ఉంటుందంటే, ఆ సందర్భాలను ఒక్కొక్కటిగా తీర్చిదిద్దడం మన చేతిలో పనే గదా.

మొదటి వారం: పెద్ద మాటలను చేతలుగా విడదీయండి

నిజాయితీ, క్రమశిక్షణ, సేవాభావం అని గోడ మీద రాయించకండి. ఏడాదికి మూడు నాలుగు నడవళ్లు మాత్రమే ఎంచుకోండి, అవి కంటికి కనబడేవిగా ఉండాలి. ‘నిజాయితీ’ అనే బదులు ‘పక్కవాడి పేపరు చూడకుండా రాస్తాను’, ‘దొరికిన వస్తువును ఆ రోజే టీచరు బల్ల మీద పెడతాను’, ‘పొరపాటు చేస్తే నన్ను అడగకముందే నేనే చెబుతాను’ అని రాయండి. ‘మర్యాద’ అనే బదులు ‘ఎవరినీ వంకర పేరుతో పిలవను’, ‘ఒకరు మాట్లాడుతుంటే పూర్తయ్యేదాకా ఆగుతాను’ అని రాయండి. వీటిని పిల్లలతో మాట్లాడి, వాళ్ల మాటల్లోనే రాయిస్తే మేలు. ఏడో తరగతి పిల్లలను ‘మన క్లాసులో మీకు బాధ కలిగించేది ఏమిటి’ అని చీటీల మీద పేరు లేకుండా రాయమంటే, మనం ఊహించనివి బయటికొస్తాయి. నల్లగా ఉన్నానని ఏడిపిస్తారని ఒకరు, నాన్న తాగుతాడని అందరి ముందూ అంటారని ఒకరు, బాత్రూమ్ తలుపుకు గడియ లేదని ఇంకొకరు రాస్తారు. ఆ మూడో చీటీకి నీతిబోధ ఏమీ అక్కరలేదు, అదే రోజు వడ్రంగిని పిలిపించి గడియ పెట్టించండి. మీరు చీటీలు నిజంగానే చదువుతారని పిల్లలకు అర్థమయ్యేది అప్పుడే.

రెండో వారం: మన నోటిని మనమే గమనించుకోవాలి

ఇది అన్నిటికంటే కష్టమైన అడుగు. దీన్ని దాటేసి మిగిలినవి చేస్తే ప్రయోజనం ఉండదు.

జేబులో ఒక చిన్న కాగితం పెట్టుకుని, వారం రోజులపాటు ఏ పిల్లవాణ్ణి ఎలా పిలిచారో సాయంత్రం పూట రాసుకోండి. పేరుతో ఎవరిని పిలిచారు, ‘ఏయ్ లాస్ట్ బెంచ్’ అని ఎవరిని పిలిచారు, ‘మొద్దు’ అని ఎవరిని అన్నారు, ‘ఫలానా కాలనీ వాళ్లు’ అని గుంపుగా ఎవరిని కలిపి అన్నారు అన్నది రాసి చూసుకుంటే, మర్యాద అందుకుంటున్నది ఎవరో, అందనిది ఎవరికో మీకే తేలిపోతుంది. నేను మొదటిసారి రాసుకున్నప్పుడు, బాగా చదివే ఏడెనిమిది మందిని తప్ప ఎవరినీ నేను వారమంతా పేరుతో పిలవలేదని గ్రహించి సిగ్గుపడ్డాను.

స్కాలర్‌షిప్ దరఖాస్తుల కాలంలో ఇంకో జాగ్రత్త కావాలి. నిండు తరగతిలో ‘ఎస్సీ పిల్లలు నిలబడండి, తర్వాత బీసీలు’ అని లెక్క తీయడం చాలా బడుల్లో మామూలు పని అయిపోయింది. రెండు నిమిషాల సౌకర్యం కోసం చేసే ఆ పని వల్ల ఎవరిది ఏ కులమో తరగతి మొత్తానికి ఏడాది పాటు గుర్తుండిపోతుంది. ఆ వివరాలను ప్రవేశాల రిజిస్టరు నుంచి తీసుకోండి, లేదా విరామంలో ఒక్కొక్కరిని బల్ల దగ్గరకు పిలిచి నెమ్మదిగా అడగండి. మొత్తం మీద గంట పని, అంతే.

ఉపాధ్యాయుడి ప్రవర్తన పిల్లవాడి మనసులో ఎంత కాలం నిలుస్తుందో చెప్పడానికి గాంధీ గారి చిన్ననాటి సంఘటన ఒకటి చాలు. రాజ్‌కోట్ హైస్కూల్లో ఆయన మొదటి సంవత్సరం చదువుతుండగా జైల్స్ అనే విద్యాధికారి తనిఖీకి వచ్చి, ఐదు ఇంగ్లీషు మాటలు చెప్పి రాయమన్నాడు. వాటిలో ‘కెటిల్’ అనే మాటను గాంధీ తప్పుగా రాశాడు. ఉపాధ్యాయుడు బూటు కొనతో తట్టి, పక్క పిల్లవాడి పలక చూసి దిద్దుకోమని సైగ చేశాడు. కాపీ కొట్టకుండా చూడటానికే మాస్టారు అక్కడ నిలబడ్డారని అనుకున్న ఆ పిల్లవాడికి ఆ సైగ అర్థమే కాలేదు. మిగిలినవాళ్లందరూ అన్నీ సరిగా రాశారు, ఆయనొక్కడే తెలివితక్కువవాడుగా మిగిలాడు. ఈ సంఘటనను మనం గాంధీ గారి గొప్పతనానికి ఉదాహరణగా చెబుతాం. నేను మాత్రం ఆ గదిలోని మిగతా పిల్లల గురించి ఆలోచిస్తాను. అధికారి వచ్చినప్పుడు మోసం చేయడం మర్యాదే అని ఆ రోజు వాళ్లకు వాళ్ల మాస్టారే నేర్పాడు. తనిఖీ రోజున ముందే జవాబులు బట్టీ పట్టించిన పిల్లలను మాత్రమే లేపి ప్రశ్నలడిగే ప్రతి చోటా ఆ బూటు కొన ఇంకా కదులుతూనే ఉంది.

జులై నుంచి: స్లిప్ టెస్టును నిజాయితీకి అభ్యాసంగా మార్చండి

మన నిర్మాణాత్మక మూల్యాంకనంలో, అంటే చదువు సాగుతుండగానే పిల్లలకు ఏం వచ్చిందో చూసుకునే పద్ధతిలో, పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష అని నాలుగు భాగాలు పెట్టుకున్నాం. నడవడికి సంబంధించినంత వరకు వీటిలో లఘు పరీక్ష, అంటే మనం రోజూ అనే స్లిప్ టెస్టు, అన్నిటికంటే పనికొచ్చేది. ఎందుకంటే అది చిన్నది, తరచుగా వస్తుంది, దానిలో పోయేదీ తక్కువే. దాన్ని ఇలా నడపండి.

మొదట, అధికారికంగా నమోదు చేయాల్సిన పరీక్ష కాకుండా, వారానికొకటి మీ సొంతంగా పెట్టే 20 మార్కుల చిన్న పరీక్షను ఎంచుకోండి. పెట్టే ముందు పిల్లలకు ఒక మాట స్పష్టంగా చెప్పండి: ‘ఈ మార్కులు రిజిస్టరులో ఎక్కవు. మీకు ఏది రాలేదో నాకు తెలియడం కోసమే ఇది.’ ఆ మాట మీద మీరు నిలబడాలి. నీలం పెన్నుతో రాయించి, సమయం అయ్యాక ఆ పెన్నులను సంచిలో పెట్టించి, ఎర్ర పెన్ను తీయించండి. జవాబులు బోర్డు మీద రాసి, ఎవరి పేపరును వాళ్లనే దిద్దుకోమని, మొత్తం మార్కులు పైన వేసి తమ పేరు కింద సంతకం చేయమని చెప్పండి. ఆ సమయంలో మీరు వరుసల మధ్య తిరగవద్దు, కుర్చీలో కూర్చుని మీ నోటు పుస్తకం చూసుకోండి.

మొదటి రెండు మూడు వారాలు కొందరు తప్పకుండా మార్కులు కలుపుకుంటారు. కంగారు పడకండి, పట్టుకోవడానికి వల పన్నకండి. ముందే పేపర్ల ఫోటోలు తీసి పెట్టుకుని తర్వాత బయటపెట్టే ఉపాధ్యాయులను నేను చూశాను. దానివల్ల పిల్లలు నేర్చేది ఇంకోసారి ఇంకా జాగ్రత్తగా మోసం చేయడమే. మార్కులు కలుపుకోవడం వల్ల లాభం లేకుండా చేయడం మన పని. ఎక్కువ వచ్చినవాళ్లకు చప్పట్లు కొట్టించకండి, తక్కువ వచ్చినవాళ్లను నిలబెట్టకండి. ‘నాలుగో ప్రశ్న ఎంతమందికి పోయింది’ అని అడిగి, చేతులెత్తినవాళ్లకు కృతజ్ఞత చెప్పి, దాన్ని మళ్లీ బోధించండి. తప్పు ఒప్పుకుంటే తిట్లు రావని, పాఠం మళ్లీ వస్తుందని నాలుగైదు సార్లు అనుభవమైన తర్వాత తరగతి గాలి మారుతుంది.

ఇది నేను కళ్లారా చూశాను. ఒక ఏడాది ఆగస్టులో, ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి మధ్యాహ్నం భోజనమయ్యాక స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర పేపరు పట్టుకుని నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. ‘సార్, మూడోది తప్పు సార్, నేను రైటు పెట్టుకున్నా’ అంది నేల చూస్తూ. పేపరు మీద 17 ఉంది. నేను దాన్ని కొట్టి 16 వేసి, ‘సరే అమ్మా, వెళ్లు’ అన్నాను, అంతకుమించి ఒక్క మాట అనలేదు. పక్కనున్న సోషల్ మాస్టారు రేపు ప్రార్థనలో ఆ పిల్లను పిలిచి అందరి ముందు మెచ్చుకోమని సలహా ఇచ్చారు. మంచి మనసుతో ఇచ్చిన సలహానే. కానీ నిజం చెప్పినందుకు వేదిక ఎక్కిస్తే, మరుసటి వారం నుంచి వేదిక కోసం నిజం చెప్పేవాళ్లు తయారవుతారు. ఆ అమ్మాయికి నేనిచ్చిన మర్యాదల్లా తన మాటను మామూలు విషయంగా తీసుకోవడమే.

దసరా సెలవుల తర్వాత, అధికారిక పరీక్షలో కూడా మీరు పది నిమిషాలు గది బయట నిలబడి చూడవచ్చు. కొన్ని తరగతులు దానికి సిద్ధంగా ఉంటాయి, కొన్ని ఉండవు. ఉండకపోతే ఇంకో రెండు నెలలు చిన్న పరీక్షలే కొనసాగించండి. పదో తరగతి విషయంలో ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. ఉత్తీర్ణత శాతం పడిపోతుందనే భయంతో పబ్లిక్ పరీక్షల్లో బిట్ పేపరు జవాబులు గది గదికీ అందించే పెద్దలు ఉన్నంత కాలం, అంతకుముందు తొమ్మిదేళ్లు మనం చెప్పిన ప్రతి నీతిపాఠమూ ఆ అరగంటలో కొట్టుకుపోతుంది. మీ డ్యూటీ పడిన గదిలో ఆ పని జరగనివ్వకపోవడం పూర్తిగా మీ చేతిలోనే ఉంటుంది.

ప్రాజెక్టు పనులు, సైన్సు రికార్డుల గురించి కూడా ఇక్కడే చెబుతాను. నెట్ సెంటరులో ప్రింటు తీయించి రంగు అట్ట వేసిన 20 పేజీల ప్రాజెక్టుకు పూర్తి మార్కులు, సొంత చేతిరాతతో రెండు పేజీలు రాసి తెచ్చినదానికి సగం మార్కులు వేసే అలవాటును ఈ ఏడాదితో ఆపేయండి. ‘మీ వీధిలోని ఐదు ఇళ్లలో నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి’ వంటి, ఏ గైడులోనూ దొరకని విషయం ఇవ్వండి. లోలకం ప్రయోగంలో మీకు వచ్చిన విలువనే రాయమని, పుస్తకంలోని విలువతో తేడా ఉంటే ఆ తేడా ఎందుకు వచ్చిందో కింద రాయమని చెప్పండి. వచ్చిన రీడింగునే రాసే పిల్లవాడు నేర్చుకునేది శాస్త్రం మాత్రమే కాదు.

భోజనం వరుసలో నేర్పగలిగినవి

ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజన పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు ఉంది. గోదావరి లంకల్లో, లంకల గన్నవరంలో, ఆకలితో వచ్చిన ఎవరికైనా వేళాపాళా చూడకుండా అన్నం పెట్టి ఆమె కీర్తి పొందింది. మీది ఏ రాష్ట్రమైనా, మీ పిల్లలకు ఆమె గురించి ఒకసారి చెప్పి, ఆ తర్వాత వరుస దగ్గరకు వెళ్లి నిలబడి చూడండి. గుడ్డు పెట్టే రోజున పెద్ద తరగతుల మగపిల్లలు ముందుకు తోసుకు రావడం, ఆరో తరగతి పిల్లలు కంచాలు పట్టుకుని పక్కకు జరగడం కనబడుతుంది. చిన్న తరగతులు ముందు, పెద్ద తరగతులు తర్వాత అని ఒక నియమం పెట్టి, దాన్ని పదో తరగతి పిల్లల చేతే నడిపించండి. మొదటి వారం మీరు పక్కనే ఉండాలి.

వడ్డనకు వంతులు వేయండి. హాజరు పట్టీ క్రమంలో రోజుకు నలుగురు, ఆడపిల్లలు మగపిల్లలు కలిపి. ఈ వంతుల్లో మీరు రాజీ పడకూడని విషయం ఒకటుంది. ఊడ్చే పని ఎప్పుడూ కొందరికీ వడ్డించే పని ఎప్పుడూ మరికొందరికీ పడుతోందేమో చూడండి. ఆ విభజన కులాన్ని బట్టో, ఆడామగా తేడాను బట్టో సాగుతోందని తేలితే వెంటనే మార్చండి. క్రమ సంఖ్య తప్ప వేరే లెక్క ఉండకూడదు. ‘మా పిల్లవాడు చీపురు పట్టడు’ అని ఎవరైనా తల్లిదండ్రులు వస్తే, ఆ రోజు మీరే చీపురు పట్టుకుని గది ఊడ్చి చూపించండి. వాదన కంటే అది బాగా పనిచేస్తుంది. మరుగుదొడ్ల పనిని మాత్రం పిల్లలకు అప్పగించకండి, అది జీతం ఇచ్చి చేయించాల్సిన పని.

ఇంటి నుంచి డబ్బాలు తెచ్చుకునే పిల్లలు విడిగా ఒక మూల కూర్చుంటుంటే, అందరినీ ఒకే వరుసలో కూర్చోబెట్టండి. కారణం మాత్రం తరచి అడగకండి. ఉపాధ్యాయుడు రోజూ వాళ్ల మధ్య కూర్చుని బడి అన్నమే తింటే, ఎవరు వండారు అనే ప్రశ్న కొన్నాళ్లకు దానంతటదే సద్దుమణుగుతుంది. వండిపెట్టే ఆయమ్మలను పేరు పెట్టి ‘అక్కా’ అని మీరు పిలిస్తే, పిల్లలూ అలాగే పిలుస్తారు.

తప్పు జరిగినప్పుడు

తరగతిలో ఎవరిదో యాభై రూపాయల నోటు పోతుంది. ఏ ఏడాదైనా ఇది జరిగి తీరుతుంది, కాబట్టి ఏం చేయాలో ముందే అనుకుని ఉండండి. అందరి సంచులూ వెతికించకండి. ఒక పిల్లవాడి పేరు చుట్టూ అనుమానం గుసగుసలాడుతుంటే వాణ్ణి పిలవకండి. నోటు వాడి దగ్గర దొరకకపోయినా ‘దొంగ’ అనే పేరు వాడికి పదో తరగతి దాకా ఉంటుంది. మరుసటి రోజు సాయంత్రం వరకు గడువు ఇచ్చి, తీసినవాళ్లు ఎవరూ చూడనప్పుడు మీ బల్ల సొరుగులో పెట్టవచ్చని, తర్వాత ఎవరూ అడగరని చెప్పండి. రాకపోతే రాకపోవచ్చు. ఆ నష్టాన్ని ఆ రోజుకు మీరు భరించండి.

చేసింది ఎవరో తెలిసినప్పుడు, విడిగా కూర్చోబెట్టి మూడు ప్రశ్నలే అడగండి: ఏం జరిగింది, దానివల్ల ఎవరికి ఏం నష్టమైంది, దాన్ని నువ్వు ఎలా సరిచేస్తావు. మూడో ప్రశ్నకు జవాబు పిల్లవాడి నోటి నుంచే రావాలి. కిటికీ అద్దం పగలగొట్టినవాడు శనివారం వచ్చి బెంచీలు సర్దడంలో సాయం చేస్తానంటే ఒప్పుకోండి. ఎవరినో ఏడిపించినవాడు క్షమాపణ చెబుతానంటే, అవతలి పిల్ల వినడానికి ఇష్టపడితేనే చెప్పించండి. సరిచేయడం పూర్తయిన రోజున ఆ విషయాన్ని మూసేయండి. మరో తప్పు జరిగినప్పుడు పాతదాన్ని తవ్వితే, సరిచేసుకోవడానికి అర్థం లేదని వాడికి తెలిసిపోతుంది.

బెత్తం గురించి ఎక్కువ చెప్పను. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ రెండింటినీ నిషేధించింది. చట్టం లేకపోయినా నా మాట అదే. కొట్టడం మానేస్తే తరగతి అదుపు తప్పుతుందని భయపడేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి: మొదటి నెల నిజంగానే కొంచెం తప్పుతుంది. పిల్లలు ఈ కొత్త పద్ధతి ఎన్నాళ్లుంటుందో పరీక్షిస్తారు. ఆ నెల ఓపిక పట్టగలిగితే తర్వాతి నెలల్లో గొంతు పెంచే అవసరం క్రమంగా తగ్గుతుంది.

పిల్లలకు మాట్లాడే అవకాశం ఇవ్వండి, తల్లిదండ్రులతో మాట కలపండి

నెలకోసారి బాలసభ చాలా బడుల్లో జరుగుతుంది, అందులో పాటలు, పొడుపుకథలు, ఆటలతో సమయం గడుస్తుంది. చివరి పదిహేను నిమిషాలను తరగతి సంగతులకు కేటాయించండి. అధ్యక్షత పిల్లలదే, ప్రతి నెలా ఒకరు మారాలి. మీరు వెనక బెంచీలో కూర్చోండి. కుళాయి దగ్గర తొక్కిసలాట, ఆటస్థలంలో అమ్మాయిలకు చోటు లేకపోవడం వంటివి వాళ్లే ఎత్తుతారు, వాళ్లే నియమం చేసుకుంటారు. ఆ నియమం మీకు నచ్చకపోయినా, ప్రమాదం లేనిదైతే ఒక నెల నడవనివ్వండి.

తల్లిదండ్రుల సమావేశాన్ని మార్కుల పట్టీ అప్పజెప్పే కార్యక్రమంగా చేయకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న అన్ని ప్రభుత్వ బడుల్లో ఒకేసారి మెగా సమావేశం జరిగింది. అలాంటి రోజున వచ్చే తల్లికి మీరు చెప్పగలిగిన మొదటి వాక్యం ఆమె బిడ్డ చేసిన ఒక మంచి పని గురించి అయి ఉండాలి, అదీ తేదీతో సహా. ‘మీవాడు మంచివాడమ్మా’ అంటే ఆమె నమ్మదు. ‘పోయిన నెల కుళాయి దగ్గర పడిపోయిన చిన్న పిల్లను ఎత్తుకుని నా దగ్గరకు తెచ్చాడు’ అంటే ఇంటికి వెళ్లి నాన్నకు కూడా చెబుతుంది. చదువులో వెనకబడిన సంగతి ఆ తర్వాత చెప్పండి, విడిగా చెప్పండి. ఇంట్లో పిల్లవాడి చేత ‘నాన్న లేడని చెప్పు’ అని అబద్ధం ఆడించవద్దని కూడా అడగవచ్చు. నేను అడిగినప్పుడు చాలామంది నవ్వారు, ఒకాయన మాత్రం మరుసటి వారం వచ్చి, ఆ అలవాటు మానుకుంటున్నానని చెప్పి వెళ్లాడు.

ఏం రాసుకోవాలి, దేనికి మార్కులు వేయకూడదు

సబ్జెక్టులతో పాటు మిగతా ఎదుగుదలనూ చూసే సమగ్ర మూల్యాంకనంలో ‘విలువల విద్య – జీవన నైపుణ్యాలు’ అని ఒక సహపాఠ్య విభాగం పెట్టుకుని, దానికి గ్రేడు వేస్తూ వచ్చాం. పరీక్షల ముందు రోజు రాత్రి నలభై మందికీ వరుసగా ఒకటే గ్రేడు వేసిన రిజిస్టర్లు మనందరం చూశాం. అడిగితే వేయక తప్పదు, వేయండి. దానికంటే విలువైన పని ఇంకొకటుంది. రెండు వందల పేజీల నోటు పుస్తకం ఒకటి కొని, ప్రతి పిల్లవాడికీ నాలుగు పేజీలు కేటాయించండి. వారానికి ఐదుగురి గురించి, కళ్లతో చూసిన ఒక్క సంగతి, తేదీ వేసి రెండు వాక్యాల్లో రాయండి. మీ అభిప్రాయం కాక జరిగినది మాత్రమే అందులో ఉండాలి. ‘సోమరి’ అని రాయవద్దు, ‘మూడు వారాలుగా హోంవర్క్ తేలేదు, తమ్ముణ్ణి చూసుకుంటున్నానని చెప్పాడు’ అని రాయండి. ఈ పుస్తకాన్ని పిల్లలకు, తోటివాళ్లకు చదివి వినిపించకండి, బల్ల సొరుగులో తాళం వేసి పెట్టండి.

నవంబరు నాటికి కొన్ని పేజీలు ఖాళీగానే ఉన్నాయని గమనిస్తారు. అల్లరి చేయనివాళ్లు, ముందు వరుసలో లేనివాళ్లు, ఏ పోటీలోనూ నిలబడనివాళ్లు, వాళ్ల పేజీలే అవి. డిసెంబరు, జనవరి నెలలు పూర్తిగా ఆ పేర్లకే కేటాయించండి. భోజనం దగ్గర వాళ్ల పక్కన కూర్చోండి, వాళ్లకు ఇంట్లో ఏం పని ఉంటుందో అడగండి. ఏప్రిల్ చివరి పనిదినాన ఆ పుస్తకాన్ని తిరగేసి, ఏ పిల్లవాడికైనా ఇంకా ఒక్క మంచి సంగతి కూడా రాయలేకపోతే, వచ్చే జూన్‌లో ఆ తరగతిని తీసుకోబోయే టీచరును పిలిచి, ఆ పేరును విడిగా చెప్పి, మొదటి వారంలోనే వాణ్ణి ఏదో ఒక పనికి పేరు పెట్టి పిలవమని అడగండి.